పింట్ నుంచి పీపా దాకా: బీరు కొలతల పేర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. బీరు సీసాలకు, గ్లాసులకు, పీపాలకు ఉన్న పేర్లు ఎక్కడివి, వాటి వెనక ఉన్న అసలు లెక్క ఏమిటి అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మద్యం ధరల పట్టికలో ఫుల్ బాటిల్‌ని "క్వార్ట్" అని, హాఫ్‌ని "పింట్" అని, క్వార్టర్‌ని "నిప్" అని రాస్తారు. ఫుల్‌కి క్వార్ట్ అన్న పేరేమిటి? విస్కీ పింట్ 375 మి.లీ. అయితే బీరు పింట్ 330 మి.లీ. ఎందుకైంది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: క్వార్ట్, క్వార్టర్ రెండూ "నాలుగో వంతు" అన్న మాట నుంచే వచ్చాయి. తేడా అంతా దేనిలో నాలుగో వంతు అన్న దగ్గరే ఉంది. క్వార్ట్ గాలన్‌లో నాలుగో వంతు. మన వాళ్లు రోజూ అనే క్వార్టర్ ఫుల్ బాటిల్‌లో నాలుగో వంతు. ఒకే పట్టికలో రెండు మాటలు పక్కపక్కన వస్తే తికమక కలగడం సహజం.

బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. అందులో నాలుగో వంతు 1,136 మి.లీ., అంటే ఫుల్ బాటిల్ కన్నా చాలా ఎక్కువ. మరి 750 మి.లీ. సీసాకు క్వార్ట్ అన్న పేరు ఎలా దక్కింది? బ్రిటన్‌లో సీసా సారాకు, వైనుకు వాడుకలో మరో క్వార్ట్ ఉండేది. దాన్ని "రెప్యూటెడ్ క్వార్ట్" అనేవారు. పేరుకు క్వార్టే గానీ కొలతకు గాలన్‌లో ఆరో వంతు, అంటే 757 మి.లీ. దానిలో సగం రెప్యూటెడ్ పింట్, దాదాపు 379 మి.లీ. మెట్రిక్ కొలతలు వచ్చాక 757ని 750గా, 379ని 375గా సర్దారు. కొలత మారినా పేరు మారలేదు.

దాంతో మన దగ్గర పింట్ అంటే "పెద్ద సీసా కాదు, చిన్న సీసా" అన్న అర్థం స్థిరపడింది. బీరులో పెద్ద సీసా 650 మి.లీ., చిన్నది 330 మి.లీ. కాబట్టి చిన్నదాన్ని పింట్ అంటున్నారు. 330 అన్నది గాలన్ లెక్క కాదు, లీటరులో మూడో వంతుకు దగ్గరగా ఉన్న యూరప్ కొలత. అసలు బ్రిటిష్ పింట్ 568 మి.లీ. అంటే మన బీరు పింట్ రెండు కలిపితే గానీ వాళ్ల పింట్ దాటదు.

ఇక నిప్. ఇది "నిప్పర్‌కిన్" అన్న పాత మాటకు కురచ రూపం. అర పింట్, అంతకన్నా తక్కువ పట్టే చిన్న కొలపాత్రకు 17వ శతాబ్దం నుంచి ఆ పేరు ఉంది. చివరున్న "కిన్" గురించి కింద లెస్టర్ పాఠకుడికి ఇచ్చిన జవాబులో చూడండి.

కొనేవారికి పనికొచ్చే లెక్క ఒకటుంది. 750లో నాలుగో వంతు 187.5 మి.లీ. క్వార్టర్ సీసాలో ఉండేది 180. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 మి.లీ.యే అవుతుంది, ఫుల్ కన్నా 30 తక్కువ. బీరులోనూ అంతే. 650 సీసాలు 12 ఉన్న కేసు 7.8 లీటర్లు, 330 సీసాలు 24 ఉన్న కేసు 7.92 లీటర్లు. కేసు ధరలు పోల్చేటప్పుడు సీసా పేరు పక్కన పెట్టి, ధరను మి.లీ.తో భాగించి చూడండి.

ప్రశ్న: చదువుకుంటూ ఇక్కడ ఒక పబ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. సెల్లార్‌లో ఫిర్కిన్, కిల్డర్‌కిన్, పిన్ అని పిలుస్తుంటారు. వాటి మధ్య లెక్క ఏమిటి? క్యాస్క్ (పీపా) బీరును ఎలా సిద్ధం చేయాలో కూడా చెప్పగలరా?
– ఒక విద్యార్థి, లెస్టర్

జవాబు: లెక్క చాలా తేలిక. మన పెద్దలు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్నట్టే ఇక్కడా ఒక్కో మెట్టుకీ రెట్టింపు. పిన్ 4.5 గాలన్లు (20.5 లీటర్లు). రెండు పిన్‌లు ఒక ఫిర్కిన్, 9 గాలన్లు (40.9 లీటర్లు). రెండు ఫిర్కిన్లు ఒక కిల్డర్‌కిన్, 18 గాలన్లు (81.8 లీటర్లు). రెండు కిల్డర్‌కిన్లు ఒక బ్యారెల్, 36 గాలన్లు (163.7 లీటర్లు). ఆపైన 54 గాలన్ల హాగ్స్‌హెడ్, 108 గాలన్ల బట్ ఉండేవి. అవి ఇప్పుడు పబ్బులకు రావు. సెల్లార్‌లో చాలామంది పేర్లు కూడా వాడరు, "నైన్", "ఎయిటీన్" అంటారు. "ఎలెవెన్" అంటే 50 లీటర్ల స్టీలు కెగ్ (లోహపు పీపా) అని గుర్తుంచుకోండి. 50 లీటర్లు సరిగ్గా 11 గాలన్ల దగ్గరకు వస్తుంది, 88 పింట్లు.

పేర్లలోని "కిన్" డచ్చి వారిది. మన "బుడ్డి", "పిల్ల" లాంటి చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయం. 15వ శతాబ్దంలో హాప్స్ (చేదు రుచినిచ్చే పూలు) వేసి కాచే బీరు నెదర్లాండ్స్, ఫ్లాండర్స్ ప్రాంతాల నుంచి ఇంగ్లండ్‌కు వచ్చింది. దాంతో పాటే కాచేవారు, పీపాలు కట్టేవారు, వారి మాటలు వచ్చాయి. ఫిర్కిన్ అంటే "చిన్న నాలుగో వంతు", బ్యారెల్‌లో పావు. కిల్డర్‌కిన్ కథ ఇంకా దూరం పోతుంది. లాటిన్‌లో నూరు అన్న మాట నుంచి అరబ్బీ "ఖింతార్" పుట్టింది. అది యూరప్ చేరి "క్వింటాల్" అయింది. డచ్చి వారు దానికి "కిన్" తగిలిస్తే, ఇంగ్లిషు నోట్లో పడి కిల్డర్‌కిన్ అయింది. గుంటూరు మిర్చి యార్డులో, వరంగల్ పత్తి మార్కెట్‌లో రైతు చెప్పే క్వింటాల్, మీ సెల్లార్‌లోని 18 గాలన్ల పీపా ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

ఇంకో సంగతి. పూర్వం ఇంగ్లండ్‌లో హాప్స్ వేయని ఏల్‌కు, హాప్స్ వేసిన బీరుకు వేర్వేరు బ్యారెళ్లు ఉండేవి. 1531 చట్టం ప్రకారం ఏల్ బ్యారెల్ 32 గాలన్లు, బీరు బ్యారెల్ 36. అందుకే ఏల్ ఫిర్కిన్ 8 గాలన్లు, బీరు ఫిర్కిన్ 9 అయ్యాయి. పాత లెక్కల పుస్తకాల్లో ఫిర్కిన్‌కు రెండు అంకెలు కనబడితే అది అచ్చుతప్పు కాదు. తర్వాత 36 గాలన్ల లెక్కే అందరికీ నిలిచింది.

ఇప్పుడు పని సంగతి. నిండు ఫిర్కిన్ సుమారు 50 కిలోలు ఉంటుంది. ఒక్కరే ఎత్తవద్దు. స్టిల్లేజ్ (పీపాలు పెట్టే చట్రం) మీద పడుకోబెట్టినప్పుడు పొట్ట మీది పెద్ద బిరడా, అంటే షైవ్, నేరుగా పైకి ఉండాలి. ముందు వైపు చిన్న బిరడా, అంటే కీస్టోన్, కిందికి రావాలి. కదలకుండా చెక్క ముక్కలు పెట్టండి. సెల్లార్ వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి.

పీపా కుదుటపడ్డాక షైవ్ మధ్యలో మెత్తని స్పైల్ (గ్యాస్‌ను వదిలే చిన్న చెక్క మేకు) కొట్టండి. లోపలి గ్యాస్ నురగై పైకి పొంగుతుంది. తుడుస్తూ ఉండండి. స్పైల్ మూసుకుపోతే కొత్తది మార్చండి. నురగ తుడిచాక మళ్లీ బుడగ కట్టడానికి నాలుగైదు సెకన్లు పడుతోందంటే గట్టి స్పైల్ (గ్యాస్‌ను ఆపే మేకు) పెట్టే సమయమైంది. మడ్డి కిందికి దిగడానికి ఒక రోజు వదిలేయండి. తర్వాత కీస్టోన్‌ను శుభ్రంగా తుడిచి, ట్యాప్ మూసి ఉందో లేదో చూసి, సుత్తితో ఒకే గట్టి దెబ్బతో దింపండి. సగం దెబ్బలు నాలుగు కొడితే పక్కల నుంచి కారుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా లేస్తుంది.

అమ్మేటప్పుడు గట్టి స్పైల్ తీయాలి. లేకపోతే లోపల గాలి చాలక బీరు రాదు. దుకాణం కట్టేటప్పుడు మళ్లీ పెట్టాలి. మరిచిపోతే రాత్రికి రాత్రి గ్యాస్ పోయి చప్పబడుతుంది. మూడింట ఒక వంతు నుంచి సగం లోపు అయ్యాక వెనక వైపు మెల్లగా ఎత్తండి. కుదిపితే మడ్డి లేచి మిగిలినదంతా మసకబారుతుంది. ఫిర్కిన్‌లో లెక్కకు 72 పింట్లు ఉన్నా, అడుగున మిగిలే మడ్డి వల్ల అన్నీ చేతికి రావు. తెరిచిన క్యాస్క్ మూడు రోజుల్లో అయిపోవాలి. చిన్న పబ్బులు కిల్డర్‌కిన్ జోలికి పోకుండా ఫిర్కిన్‌తోనే సరిపెట్టుకోవడానికి కారణం ఈ మూడు రోజుల గడువే.

ప్రశ్న: వార్తల్లో వినే ముడిచమురు బ్యారెల్, బీరు బ్యారెల్ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కాదు. ముడిచమురు బ్యారెల్ 42 అమెరికా గాలన్లు, 159 లీటర్లు. బ్రిటిష్ బీరు బ్యారెల్ 163.7 లీటర్లు. అమెరికా బీరు బ్యారెల్ 31 అమెరికా గాలన్లు, 117.3 లీటర్లు. చమురు లెక్క పాత వైను పీపాల నుంచి వచ్చింది. 252 గాలన్ల అతి పెద్ద పీపా "టన్". దానిలో సగం 126 గాలన్ల "పైప్". పైప్‌లో మూడో వంతు 42 గాలన్ల "టియర్స్". పెన్సిల్వేనియాలో 1860ల నాటి చమురు వ్యాపారులు అందుబాటులో ఉన్న ఈ టియర్స్ కొలతనే ఖాయం చేసుకున్నారు. బరువు చెప్పే టన్ను ఆ టన్ పీపా నుంచే పుట్టింది. మన "పీపా" మాట పోర్చుగీసు "పిపా" నుంచి వచ్చింది, పైప్‌కు దగ్గరి చుట్టం.

ప్రశ్న: పాప పుట్టినరోజుకు ఇంటి వెనక 60 మందికి విందు. దుకాణంలో "ఫుల్ కెగ్" అడిగితే రసీదులో "హాఫ్ బ్యారెల్" అని రాశారు. సగమే ఇచ్చారా? ఎంత తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మోసమేమీ జరగలేదు. అమెరికాలో బ్యారెల్ అన్నది పన్ను లెక్క. అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1862లో బ్యారెల్‌కు ఒక డాలరు పన్ను వేసినప్పుడు బీరు బ్యారెల్‌ను 31 గాలన్లుగా తీసుకున్నారు. అంత పెద్ద పీపా దుకాణాల్లో దొరకదు. దొరికే వాటిలో పెద్దది 15.5 గాలన్ల హాఫ్ బ్యారెల్ కాబట్టి జనం దాన్నే ఫుల్ కెగ్ అంటారు. దానిలో సగం 7.75 గాలన్ల క్వార్టర్ బ్యారెల్, పొట్టి ఆకారంలో ఉంటే "పోనీ కెగ్". పొట్టి గుర్రం పేరు చిన్న కొలతకు పెట్టడం అక్కడ మామూలే. 5.16 గాలన్లది "సిక్స్‌టెల్", బ్యారెల్‌లో ఆరో వంతు.

60 మందిలో పిల్లలు, తాగనివారు, బండి నడిపేవారు పోను 35 మంది అనుకుందాం. తలా మూడు 12 ఔన్సుల గ్లాసులు అంటే 105. హాఫ్ బ్యారెల్‌లో 165 గ్లాసులు వస్తాయి, అది మీకు ఎక్కువ. రెండు సిక్స్‌టెల్స్ తీసుకుంటే 110, నురగ కింద పోయేది పోను దాదాపు 100 గ్లాసులు చేతికొస్తాయి. రెండు రకాల బీరు పెట్టవచ్చు, ఎత్తడానికీ తేలిక. నిండు హాఫ్ బ్యారెల్ 70 కిలోలు దాటుతుంది.

ఇంటికి తెచ్చాక కుదుపు తగ్గడానికి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. తొట్టిలో కెగ్ చుట్టూ అడుగు నుంచి మెడ దాకా ఐసు, నీళ్లు కలిపి పోయండి. అడుగున మాత్రమే ఐసు వేస్తే పైభాగం వేడిగా ఉండి మొదటి గ్లాసులన్నీ నురగే వస్తాయి. అద్దెకిచ్చే చేతి పంపుతో మొదట్లోనే ఎక్కువ సార్లు కొట్టకండి. ధార నెమ్మదించినప్పుడు రెండు మూడు సార్లు చాలు. ఆ పంపు లోపలికి పంపేది మామూలు గాలి. అందులోని ఆక్సిజన్ వల్ల మర్నాటికి బీరు అట్టముక్క వాసన వస్తుంది. మిగిలింది వారాంతం దాకా దాచుకోవాలనుకుంటే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉన్న సెట్టు అడగండి. అమెరికా బ్రాండ్లలో ఎక్కువ వాటికి "డి" రకం కప్లర్ (కెగ్ మూతికి బిగించే అమరిక) సరిపోతుంది. దిగుమతి బీరు అయితే కెగ్‌తో పాటే దాని కప్లర్ ఇమ్మనండి.

ప్రశ్న: సిడ్నీ నుంచి అడిలైడ్‌కు మారాను. ఇక్కడ పింట్ అడిగితే సిడ్నీలో స్కూనర్ అన్నంతే ఇచ్చారు. నాకు తక్కువ పోశారా?
– ఒక పాఠకుడు, అడిలైడ్

జవాబు: సౌత్ ఆస్ట్రేలియాలో పింట్ అంటే 425 మి.లీ. సిడ్నీ స్కూనర్ కూడా 425. అదే అడిలైడ్‌లో స్కూనర్ అడిగితే 285 వస్తుంది. మీకు 570 కావాలంటే "ఇంపీరియల్ పింట్" అని అడగాలి. 285 గ్లాసునే సిడ్నీలో, పెర్త్‌లో "మిడ్డీ" అంటారు. మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో "పాట్", టాస్మానియాలో "టెన్", డార్విన్‌లో "హ్యాండిల్" అంటారు. టెన్ అంటే పది ఔన్సులు. ఈ అంకెలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. 10, 15, 20 ఔన్సులను 1970లలో మెట్రిక్‌లోకి మార్చినప్పుడు 285, 425, 570గా సర్దారు. స్కూనర్ తెరచాపల ఓడ పేరు. మిడ్డీ అంటే మధ్యస్థం. హ్యాండిల్‌కు చెవి ఉన్న గ్లాసు పేరే మిగిలింది.

బండి నడిపేవారికి ఈ తేడా చిన్నది కాదు. ఆస్ట్రేలియాలో "స్టాండర్డ్ డ్రింక్" అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 4.8 శాతం బీరు 285 మి.లీ.లో 1.1 డ్రింకులు, 425లో 1.6, 570లో దాదాపు 2.2 ఉంటాయి. "రెండు పింట్లే తాగాను" అనుకున్న మనిషి అడిలైడ్‌లో 3.2, సిడ్నీలో 4.3 తాగినట్టు లెక్క. లెర్నర్, ప్రొవిజనల్ లైసెన్సు ఉన్నవారికి అసలు సున్నానే హద్దు, ఏ గ్లాసూ వద్దు.

అమెరికా వెళ్లినా ఇదే జాగ్రత్త. అక్కడి పింట్ 16 ఔన్సులు, 473 మి.లీ. బ్రిటన్ 1824లో కొత్త గాలన్ తెచ్చుకుంది. అమెరికా మాత్రం ఆన్ రాణి కాలం నాటి 231 ఘనపు అంగుళాల వైను గాలన్‌తోనే ఉండిపోయింది.

ప్రశ్న: బ్రూవరీ నుంచి "గ్రౌలర్" అనే పెద్ద గాజు సీసాలో బీరు తెచ్చుకున్నాను. కారు డిక్కీలో ఉంచితే సీసా పగిలింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: బీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి ఒత్తిడి పెంచుతుంది. మెడ దాకా నింపి ఉంటే ఆ గ్యాస్‌కు చోటు ఉండదు. గాజులో కంటికి కనబడని సన్నని చీలిక ఉన్నా చాలు. నింపేటప్పుడు పైన ఖాళీ వదిలారో లేదో చూసుకోండి. వేడి నీళ్లతో కడిగిన సీసాలో వెంటనే చల్లని బీరు పోయనివ్వకండి. గోధుమ రంగు గాజే తీసుకోండి. తెల్ల సీసాలో ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకపు కంపు కొడుతుంది. మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి.

1880ల నాటి అమెరికా నగరాల్లో సెలూన్ నుంచి ఇంటికి బీరు తెచ్చే రేకు బకెట్టును గ్రౌలర్ అనేవారు. మూత కింద గ్యాస్ గురగురలాడేది కాబట్టి ఆ పేరు అని చెబుతుంటారు. ఇప్పటి 64 ఔన్సుల (1.9 లీటర్ల) గాజు గ్రౌలర్‌ను 1989లో వయోమింగ్ రాష్ట్రం విల్సన్‌లోని ఓటో బ్రదర్స్ బ్రూవరీ మొదలుపెట్టింది. అక్కడికక్కడే మూత బిగించి ఇచ్చే 32 ఔన్సుల డబ్బా "క్రౌలర్". క్యాన్‌ని, గ్రౌలర్‌ని కలిపి చేసిన పేరు అది.

ప్రశ్న: పెద్ద సీసాలకు బైబిలు రాజుల పేర్లు ఉంటాయట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, నర్సాపురం

జవాబు: నిజమే. షాంపేన్ సీసాల నుంచి ఆ వాడుక బెల్జియం బీరుకూ వచ్చింది. 3 లీటర్లది జెరొబామ్, మన బైబిలులో యరొబాము. 6 లీటర్లది మెతూషెల. 15 లీటర్లది నెబుకద్నెజరు. మెతూషెల రాజు కాదు, 969 ఏళ్లు బతికిన పెద్దాయన. బీరులో మామూలుగా 6 లీటర్లతోనే ఆగుతారు.

ప్రశ్న: జర్మనీ వెళ్తున్నాను. అక్కడ ఏమని అడగాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మ్యూనిక్‌లో "మాస్" అంటే ఒక లీటరు. ఆ మాటకు అర్థమే కొలత. పాత బవేరియా మాస్ 1.069 లీటర్లు ఉండేది, మెట్రిక్ వచ్చాక లీటరుకు దిగింది. అర లీటరుకు "హాల్బె" అనండి. వియన్నాలో 0.3 లీటరుది "జైడెల్". బకెట్టుకు లాటిన్‌లో ఉన్న "సితులా" నుంచి వచ్చిన పేరది. గ్లాసు మీద కొలత గీత, పక్కనే అంకె ఉంటాయి. నురగ గీతకు పైన, బీరు గీత దాకా ఉండాలి. తక్కువైతే మొహమాటపడకుండా తిరిగి నింపమనండి.

కొలోన్‌లో మాత్రం తీరు వేరు. అక్కడి కోల్ష్ బీరు "ష్టాంగె"లో, అంటే కర్రలా నిటారుగా ఉండే 0.2 లీటరు గ్లాసులో వస్తుంది. ఖాళీ అయిన వెంటనే వెయిటర్ అడగకుండానే ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్ట మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. చివర్లో గీతలు లెక్కబెట్టి డబ్బు తీసుకుంటారు. ఇక చాలనుకుంటే ఆ అట్టను గ్లాసు మీద మూతలా పెట్టండి.